క్వింటాలు పత్తికి ఒక ఫోను: కొనాలా? ఆగాలా?

2025 నవంబరులో ఒక రోజు. వరంగల్ జిల్లాలో ఒక జిన్నింగు మిల్లు ముందు పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. సీసీఐ కొనుగోలు కేంద్రం అది. వార్త కోసం వెళ్లిన నన్ను ఒక పెద్దాయన పక్కకు పిలిచాడు. మూడెకరాల రైతు. తలకు తువ్వాల, జేబులో రబ్బరు బ్యాండు చుట్టిన బటన్ ఫోను.

"సారూ, నువ్వు పేపరోనివి గదా, ఒక్క మాట జెప్పు. మా పోరడు కొత్త సెల్లు గావాలంటుండు. 5జీ ఉంటేనే ఇప్పుడు అన్ని పనులు అయితయంట. ఈ పత్తి పైసలు రాంగనే కొనియ్యమంటుండు. కొనాల్నా, వద్దా?"

ఆయన బాధ వెనుక ఒక కథ ఉంది. పత్తి అమ్మడానికి యాప్‌లో స్లాటు బుక్ చేసుకోవాలి. యాప్ ఉన్నది హనుమకొండలో చదువుకునే కొడుకు ఫోనులో. ఓటీపీ వచ్చేది చేనులో ఉన్న తండ్రి ఫోనుకు. కొడుకు అక్కడ బుక్ చేస్తుంటే ఇక్కడ ఓటీపీ వచ్చింది. పెద్దాయన పత్తి ఏరుతూ చూసుకోలేదు. గడువు దాటింది, ఆ రోజుకు స్లాటు పోయింది. "ఫోను పాతదైంది, అందుకే ఇట్లయింది" అన్నాడట కొడుకు. తండ్రి నమ్మాడు.

రైతు సోదరులారా, ఆ రోజు బండి కదలడంతో నేను ఆయనకు సగం జవాబే చెప్పగలిగాను. ఇట్లాంటి ప్రశ్న ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉంది. కాబట్టి మిగతా సగం మీ అందరి ముందు పెడుతున్నాను.

కాంటా మీద పెట్టి చూద్దాం

మాట గాలిలో పోకుండా ఒక ఫోనును ఉదాహరణగా తీసుకుందాం. 2024 నవంబరు 20న షావోమీ సంస్థ రెడ్‌మీ ఏ4 5జీ అనే ఫోనును మన దేశంలో విడుదల చేసింది. తక్కువ ధర 5జీ ఫోన్లలో అదొకటి. విడుదల నాడు 64 జీబీ రకం ధర 8,499 రూపాయలు, 128 జీబీ రకం ధర 9,499 రూపాయలు. 6.88 అంగుళాల తెర, 50 మెగాపిక్సెల్ కెమెరా, 5,160 ఎంఏహెచ్ బ్యాటరీ. ఆ తర్వాత ఇంకా ఎన్నో రకాలు వచ్చాయి, వస్తూనే ఉంటాయి. లెక్క కట్టే పద్ధతి మాత్రం అన్నిటికీ ఒకటే.

2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. మధ్యరకం పింజకు 7,710. అంటే తేమ సరిపోయి, రంగు బాగుండి, పూర్తి మద్దతు ధర చేతికి వచ్చినా క్వింటాలు పత్తి అమ్మితే ఆ ఫోను రాదు. ఇంకో 389 రూపాయలు చేతి నుంచి కలపాలి. అందులో నుంచి ఏరుడు కూలి, బండి కిరాయి, విత్తనం, మందుల ఖర్చు తీసేస్తే మిగిలేదెంతో మీకు నేను చెప్పనక్కరలేదు. దుకాణంలో "పదివేల లోపే అన్నా" అంటే చిన్న మాటలాగా వినబడుతుంది. కాంటా మీద పెడితే క్వింటాలుకు పైగా తూగుతుంది.

5జీ అన్న పేరు చూసి మురిసిపోవద్దు

మన దేశంలో 5జీ సేవలు మొదలైంది 2022 అక్టోబరు 1న. అయితే 5జీలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి పూర్తిగా 5జీ పరికరాల మీదే నడుస్తుంది. రెండోది పాత 4జీ పునాది మీద నిలబడి నడుస్తుంది. పైన చెప్పిన ఫోను విడుదలైన నాటికి జియో మొదటి పద్ధతిలో, ఎయిర్‌టెల్ రెండో పద్ధతిలో సేవలిస్తున్నాయి. ఆ ఫోను మొదటి పద్ధతికి మాత్రమే పనికొచ్చేలా తయారైంది. కాబట్టి అప్పట్లో ఎయిర్‌టెల్ సిమ్ము వేసిన రైతుకు డబ్బా మీద 5జీ అని ఉన్నా చేతికి అందింది 4జీయే. ఇంజను కొత్తదే, కానీ మన పైపుకు మూతి కలవలేదన్నట్టు!

ఇక బీఎస్ఎన్ఎల్ సిమ్ములున్న ఊళ్ల సంగతి. ఆ సంస్థ దేశమంతటా 4జీ సేవలను ప్రారంభించిందే 2025 సెప్టెంబరు 27న. అక్కడ 5జీ ఫోను కొన్నంత మాత్రాన కొత్తగా ఒరిగేది లేదు.

అసలు ప్రశ్న వేరే ఉంది. మన వ్యవసాయంలో 5జీ లేక ఆగిపోయే పని ఏదైనా ఉందా? వాన కబురు చూడటం, తెగులు పట్టిన ఆకు ఫోటో పంపటం, స్లాటు బుక్ చేసుకోవటం, డబ్బులు పంపటం అన్నీ 4జీలో నడుస్తున్నాయి. 5జీ వల్ల సినిమా తొందరగా దిగుతుంది. పత్తి తొందరగా ఎండదు.

బటన్ ఫోనును చిన్నచూపు చూడకండి

మన దగ్గర ఇప్పటికే ఉన్న చిన్న ఫోను ఎన్ని పనులు చేస్తుందో చాలామందికి తెలియదు.

పంటకు ఏం రోగం వచ్చిందో అడగాలంటే కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551. పైసా ఖర్చు లేదు. పొద్దున 6 గంటల నుంచి రాత్రి 10 గంటల దాకా తెలుగులోనే మాట్లాడతారు. 2004 నుంచి ఉన్న సౌకర్యమిది. దీనికి టచ్ ఫోను అక్కరలేదు, ఇంటర్నెట్ అక్కరలేదు.

పీఎం-కిసాన్ కింద ఏడాదికి మూడు విడతల్లో వచ్చే 6,000 రూపాయలకు ఈ-కేవైసీ చేయించాలంటే ఆధార్‌కు కలిపిన నంబరుకు ఓటీపీ వస్తే చాలు. అది బటన్ ఫోనుకు కూడా వస్తుంది. అదీ కుదరకపోతే సేవా కేంద్రంలో వేలిముద్ర వేసి రావచ్చు.

బ్యాంకు ఖాతాలో ఎంత ఉందో చూడటానికి, చిన్న మొత్తాలు పంపటానికి *99# అని కొట్టే పద్ధతి ఉంది. 2022 మార్చిలో యూపీఐ 123పే అనే ఏర్పాటు కూడా వచ్చింది. ఇంటర్నెట్ లేని ఫోను నుంచే డబ్బు పంపవచ్చు.

ఇవన్నీ చేస్తున్న ఫోనును పట్టుకొని "ఇది దేనికీ పనికిరాదు" అనటం న్యాయం కాదు.

టచ్ ఫోనే కావలసిన పనులూ ఉన్నాయి

అట్లాగని టచ్ ఫోను దండుగ అని నేననను. కొన్ని పనులకు అది కావలసిందే.

మొదటిది, పత్తి అమ్మకం. 2025-26 సీజనుకు సీసీఐకి పత్తి అమ్మదలచిన రైతులు కపాస్ కిసాన్ అనే యాప్‌లో పేరు నమోదు చేసుకొని, స్లాటు బుక్ చేసుకోవాలన్నారు. రెండోది, వాతావరణం. మేఘదూత్ అనే యాప్‌లో రాబోయే ఐదు రోజుల వాతావరణం, పంటలకు సూచనలు తెలుగులో వస్తాయి. సూచనలను ప్రతి మంగళ, శుక్రవారాల్లో మారుస్తారు. రేపు వాన ఉందని ముందే తెలిస్తే ఇవాళ కొట్టబోయే మందు మిగులుతుంది, కూలీ మిగులుతుంది. మూడోది, పిడుగు. దామిని అనే యాప్ చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల ప్రమాదాన్ని హెచ్చరిస్తుంది. చేనులో పనిచేసే వాళ్లకు ఇది ప్రాణానికి సంబంధించిన విషయం. నాలుగోది, పురుగు ఫోటో. ఆకు ముడుచుకుంది రసం పీల్చే పురుగు వల్లనా, తెగులు వల్లనా తెలియక దుకాణంలో ఇచ్చిన మూడు మందులు కలిపి కొట్టే రైతులు ఎందరో ఉన్నారు. దగ్గర నుంచి తీసిన స్పష్టమైన ఫోటో వ్యవసాయ విస్తరణాధికారికో, కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తకో వాట్సాప్‌లో పంపితే ఒక్క అనవసరపు పిచికారీ తప్పినా మేలే.

కానీ గమనించండి. ఈ నాలుగు పనుల్లో ఏ ఒక్కదానికీ కొత్తగా విడుదలైన ఫోనే కావాలని లేదు. నాలుగేళ్ల కిందటి 4జీ టచ్ ఫోను బాగుంటే అదీ చేస్తుంది. ఇంట్లో అసలు టచ్ ఫోనే లేకపోవటం వేరు, ఉన్నదాన్ని పక్కన పెట్టి ఇంకోటి కొనటం వేరు. మొదటిది అవసరం. రెండోది చాలాసార్లు మోజు.

గొడ్డు ధర కాదు, మేత ఖర్చు చూడండి

ఎద్దును కొనేటప్పుడు ధర ఒక్కటే చూస్తామా? ఎంత మేస్తుందో కూడా చూస్తాం. ఫోనుకు మేత రీచార్జి.

2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచాయి. అప్పుడు జియోలో 28 రోజులకు, రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే రీచార్జి 299 రూపాయలైంది. నెల అంటే 28 రోజులే కాబట్టి ఏడాదికి 12 కాదు, 13 సార్లు వెయ్యాలి. మొత్తం 3,887 రూపాయలు. మూడేళ్లకు 11,661. ఫోను ధర 8,499 కలిపితే 20,160 రూపాయలు. 2025-26 మద్దతు ధరతో లెక్కేస్తే దాదాపు రెండున్నర క్వింటాళ్ల పత్తి! వానల మీద ఆధారపడి ఎకరాకు ఆరేడు క్వింటాళ్లు తీసే రైతుకు ఇది చిన్న సంగతి కాదు. కొన్నది వంకాయ, కొసరు గుమ్మడికాయ అంటే ఇదే కదా.

మాట్లాడుకోవటానికే ఫోను వాడేవాళ్లకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశం మేరకు 2025 జనవరిలో డేటా లేని ప్లాన్లు వచ్చాయి. అప్పుడు 84 రోజులకు దాదాపు 450 నుంచి 470 రూపాయల దాకా ఉన్నాయి. దుకాణదారు తనంతట తాను చెప్పడు. మీరే అడగాలి. రేట్లు మారుతుంటాయి, వేయించే రోజున మళ్లీ కనుక్కోండి.

ఇక అప్పు చేసి కొంటే? నూటికి రెండు రూపాయల మిత్తికి 8,499 తెస్తే నెలకు 170 రూపాయలు. పంట చేతికొచ్చే దాకా పది నెలలు ఆగితే 1,700. వాయిదాల మీద ఇస్తామనే దుకాణంలో "మిత్తి లేదు" అంటారు. ఫైలు ఖర్చులని, బీమా అని, ఒక్క కిస్తీ తప్పితే జరిమానా అని కాగితం కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చదివించుకోకుండా సంతకం పెట్టకండి.

నేను చేసిన తప్పు

ఇతరులకు చెప్పే ముందు నా సంగతీ చెప్పాలి. కొన్నేళ్ల కింద వార్తలకు ఫోటోలు బాగా రావాలని, ఉన్న ఫోను పనిచేస్తుండగానే కొత్తగా విడుదలైనదాన్ని వాయిదాల మీద కొన్నాను. ఐదో నెలలో చేను గట్టు మీద బండి దిగుతుంటే జేబులోంచి రాయి మీద పడింది. తెర పగిలింది. బాగు చేయటానికి ఫోను ధరలో సగం దాకా అడిగారు. పాత ఫోనే మళ్లీ బయటకు తీశాను. కొత్తది బీరువాలో, కిస్తీలు నా నెత్తి మీద. ఏడు నెలలు పనిచేయని ఫోనుకు డబ్బు కట్టాను. నాకు నెల జీతమైనా ఉంది. ఏడాదికి ఒకసారి డబ్బు చూసే రైతు పరిస్థితి ఏమిటి?

ఆరేడు అంగుళాల ఫోను చొక్కా జేబులో సగం బయటికే ఉంటుంది. మందు కలపటానికి డ్రమ్ము మీదకు వంగితే అందులోనే పడుతుంది. మందు చేతులతో ఫోను ముట్టి, అదే ఫోను చెంపకు ఆనించుకోవటం ఆరోగ్యానికీ మంచిది కాదు. ఈ సంగతులు ప్రకటనల్లో ఉండవు.

ఫోను ఎవరి జేబులో ఉంటుంది?

ఇంటిల్లిపాదీ కూర్చొని మాట్లాడుకోవలసిన ప్రశ్న ఇదే. వ్యవసాయానికని పత్తి పైసలతో కొన్న ఫోను పొద్దున్నే కొడుకు జేబులో పట్నం పోతే, పిడుగు హెచ్చరిక ఎవరికొస్తుంది? చేనులో ఉన్న తల్లికి రాదు కదా.

పిల్లవాడి చదువుకు ఫోను కావాలంటే అదీ అవసరమే, కాదనను. అయితే దాన్ని చదువు ఖర్చుగానే రాసుకోండి. వ్యవసాయం పేరు మీద రాయకండి. వ్యవసాయానికైతే ఫోను చేనుకు వెళ్లే మనిషి దగ్గర ఉండాలి. ఇంట్లో ఆడవాళ్లకు కూడా వాతావరణం చూడటం, ఫోటో తీసి పంపటం నేర్పండి. పత్తి ఏరేది ఎక్కువగా వాళ్లే, పురుగును ముందు చూసేదీ వాళ్లే.

మిల్లు దగ్గర కలిసిన పెద్దాయన విషయంలో తప్పు ఫోనుది కాదు. యాప్ ఒక చోట, ఓటీపీ ఒక చోట ఉండటం వల్ల వచ్చిన చిక్కు అది. "ఫలానా గంటకు బుక్ చేస్తాను, ఫోను చేతిలో పట్టుకో నాయనా" అని కొడుకు ముందే చెప్పి ఉంటే స్లాటు దొరికేది. ఎనిమిది వేల ఐదు వందలు పెట్టినా ఆ ముందుమాట లేకపోతే మళ్లీ అదే గోస.

ఎవరు కొనాలి? ఎవరు ఆగాలి?

ఇంట్లో ఒక్క టచ్ ఫోను కూడా లేకపోతే, పత్తి వంటి పంట అమ్మాల్సి ఉంటే, ఒకటి కొనండి. తక్కువ ధరలో మంచి 4జీ ఫోను చాలు. పాత ఫోనులో యాప్‌లు ఎక్కటం మానేస్తే కూడా కొనాల్సిందే. 2023 అక్టోబరు నుంచి ఆండ్రాయిడ్ 5.0 కంటే పాత ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. అట్లాంటి ఫోనుతో ఇంక కుస్తీ పట్టనక్కరలేదు.

ఫోను నిదానంగా నడుస్తోందన్న ఒక్క కారణానికైతే ఆగండి. ముసలిదైపోయిందని కాదు, చాలాసార్లు నిండిపోయి ఉంటుంది. శుభోదయం ఫోటోలు, వీడియోలు తీసేయండి. ఛార్జింగు నిలవకపోతే బ్యాటరీ మార్పించండి. ఇరుగు పొరుగులో నమ్మకమైన వాళ్ల ఫోను ఉంటే అమ్మకం రోజుకు అదీ సరిపోతుంది. యాప్ ఎవరి ఫోనులో ఉన్నా, ఓటీపీ వచ్చే నంబరు మాత్రం మీదే అయి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆధార్‌కు, బ్యాంకుకు ఇచ్చిన నంబరును రీచార్జి లేక పోగొట్టుకోకండి. ఫోను పోతే ఇంకోటి వస్తుంది. నంబరు పోతే ఆఫీసుల చుట్టూ తిరగాలి.

పాత ఫోను కొనేవాళ్లు *#06# అని కొట్టండి, 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనబడుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు మెసేజి పంపితే ఫోను సంగతి తెలుస్తుంది. దొంగ ఫోను కొని కేసులో ఇరుక్కోవద్దు. బిల్లు మీ పేరుతోనే తీసుకోండి. టచ్ ఫోను చేతికి వచ్చినంక ఇంకో ప్రమాదం ఉంది. పీఎం-కిసాన్ డబ్బులొచ్చాయి, ఇది నొక్కండి అని వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లను ముట్టుకోకండి. నొక్కి డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి.

సర్కారుకు ఒక మాట

చివరగా పెద్దలకు ఒక విన్నపం. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. సంతోషం. ఫోను మీద మాత్రం 18 శాతం అట్లాగే ఉంచారు. 8,499 రూపాయల ఫోనులో దాదాపు 1,300 పన్నే. పత్తి అమ్మాలంటే యాప్ కావాలని ఒక చేత్తో చెప్పి, యాప్ ఎక్కే ఫోను మీద ఇంకో చేత్తో పన్ను తీసుకోవటం ఏం న్యాయం?

యాప్ వద్దని నేననటం లేదు. మిల్లు ముందు రెండు మూడు రోజులు పడిగాపులు పడే బాధ స్లాటుతో తగ్గితే మంచిదే. కానీ ఫోను లేని రైతుకు కూడా ఒక కిటికీ తెరిచి ఉండాలి. తెలంగాణలో ఐదు వేల ఎకరాలకు ఒకటి చొప్పున రైతు వేదికలు కట్టారు. సీజనులో ప్రతి వేదికలో ఒక మనిషిని కూర్చోబెట్టి, పాసుపుస్తకం తెచ్చిన రైతుకు అక్కడే స్లాటు బుక్ చేసి ఇవ్వాలి. కొన్ని చోట్ల ఏఈఓలు తమంతట తామే ఈ సాయం చేశారు, వారికి దండాలు. దయగా కాదు, పద్ధతిగా జరగాలి. మద్దతు ధర పత్తికి ప్రకటించారు గానీ, ఫోనుకు కాదు కదా!

పెద్దాయనకు ఆ రోజు బండి కదిలేటప్పుడు నేను చెప్పిన సగం మాట ఇది: "ముందు అప్పు కట్టు. యాసంగికి విత్తనం పైసలు పక్కన పెట్టు. అప్పటికీ మిగిలితే, అప్పుడు అడుగు." ఆయన నవ్వి, "గంత మిగిలితే నిన్నెందుకు అడుగుత సారూ" అన్నాడు.

కొత్త ఫోను ప్రకటన చూసినప్పుడల్లా ఆ మాటే నాకు గుర్తొస్తుంది. కొనే ముందు మీరూ ఒకసారి తలచుకోండి.